సుందరమ్మకి జ్వరం

సుందరమ్మ అనే మనిషి ఈ భూమ్మీద ఎప్పుడూ లేదు. ఆ లేని మనిషిని నా సొంత కూతురు బజార్లో పెట్టింది. ఈ మాట ఎవరితో చెప్పుకున్నా ముందు నవ్వుతారు. కాబట్టి మొదటినుంచీ చెప్తాను, ఆఖర్న కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

మాది వత్సవాయి. మా ముఠా ఆడవాళ్ళం పత్తి తీతలకీ మిరప కోతలకీ జగ్గయ్యపేట చుట్టుపక్కల చేలకు ఆటోల్లో వెళ్తాం. సుందరమ్మని పుట్టించింది మా అమ్మ, తను ముఠా పెద్దగా ఉన్న రోజుల్లో. రైతు ఎదురుగా నిలబడి బేరం ఆడుతుంటాడు. మాలో మేము మాట్లాడుకోవాలి, ఆయనకు తెలియకూడదు. పక్కకు వెళ్ళి గుసగుసలాడితే "ఏందమ్మా ఆ గూడుపుఠాణి" అని విసుక్కుంటారు. అందుకని మా అమ్మ ఒక చుట్టాన్ని కల్పించింది. "సుందరమ్మకి జ్వరం తగ్గలేదంట" అని ఎవరన్నా అంటే ఆ బేరం ఒప్పుకోవద్దని. "సుందరమ్మ లేచి గంజి తాగింది" అంటే సరే అనొచ్చని.

"సుందరమ్మ మొగుడొచ్చాడు" అంటే మాత్రం నవ్వులాట కాదు. చెయ్యి తిన్నగా ఉండని మగవాడు చేలోకి వచ్చాడు, వయసు పిల్లలు ఒంటరిగా కదలొద్దు అని దానర్థం. ఆ మాట వినపడితే చాలు, మా పెద్దవాళ్ళలో ఒకరం లేచి ఆ పిల్ల పక్క సాలులోకి మారిపోయేవాళ్ళం. అతను నీళ్ళ క్యాను తెమ్మని పిల్లని పిలిస్తే పిల్లతోపాటు మేమూ వెళ్ళేవాళ్ళం. నా చిన్నప్పుడు నన్నూ అలాగే కాపాడారు. ఎవరి నుంచో ఇప్పుడు చెప్పను, ఆయన పోయాడు.

ఒకసారి ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ మా ఆటోలో పేటకు వస్తూ ఈ జ్వరం సంగతి విన్నది. ఆ ఆదివారం పాస్టరుగారు కళ్ళు మూసుకుని "చాలాకాలంగా మంచాన పడి ఉన్న మన సహోదరి సుందరమ్మ కొరకు" అని ఎంతో భారంగా ప్రార్థన చేశారు. ఆమెన్ అనేలోపు మేము కొంగులు నోట్లో కుక్కుకోవాల్సొచ్చింది. మిరపతోట రైతు జగన్నాథరావు గారైతే ఏటా అడిగేవాడు, "ఏమ్మా, మీ సుందరమ్మకి ఎట్టా ఉంది? పేటలో మంచి డాక్టరుకి చూపించండి" అని. ఒక ఏడు ఆమెకివ్వమని బత్తాయిలు కూడా ఇచ్చాడు. ఇంటికి వచ్చేదాకా ఆగలేక ఆటోలోనే వలుచుకుని తిన్నాం. ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను.

నా కూతురు రోజారమణి నందిగామలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. పోయిన క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడు ఫోన్లో ఒకటి చూపించింది. దాని పేరు మాటలగంప. జనం నోట్లో నలిగే మాటలకి డిక్షనరీ అట. పండితులు రాసేది కాదు, ఎవరైనా తమకు తెలిసిన మాట, అర్థం, ఒక ఉదాహరణ రాసి పెట్టొచ్చు. నచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు, నచ్చనివాళ్ళు కింద తిట్టుకుంటారు.

"ఇదిగో చూడు, పులిహోర కలపడం."

చదివాను. అమ్మాయిలతో తియ్యగా మాట్లాడి వలలో వేసుకోవడం అని రాసి ఉంది.

"ఇదేం పాడు అర్థమే! పులిహోర ఏం పాపం చేసిందంట?"

"అదే కదమ్మా మజా. ఇందులో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ మాటలే ఎక్కువ. మనూళ్ళ ఆడోళ్ళ మాటలు అసలు లేవు. నేను పెడుతున్నా."

పెట్టిందేమిటో చదివి వినిపించింది. మా ముఠాలో కరుణమ్మ తిట్లు, మా ఆయన ఏసురత్నం మేస్త్రీ పనిలో అనే మాటలు, నేను కోపమొస్తే అనేవి. నేను తిట్టే తిట్టుని ఎవరో ఒంగోలు కుర్రాడు మెచ్చుకున్నాడట. నవ్వీ నవ్వీ పక్కలు నొప్పి పుట్టాయి. ఆ నవ్వులోనే అంది, "సుందరమ్మని పెడితే అదిరిపోద్దమ్మా" అని.

"నోరుముయ్. ఆ మాట బయటికొచ్చిందంటే నాలిక కోస్తా."

"అబ్బా, ఊరికే అన్నాలే. అంత కోపమెందుకు? అసలు అమ్మమ్మకి ఆ ఆలోచన ఎట్టా వచ్చిందో చెప్పు. నా కోసం."

"ఎవరికన్నా చెప్పావంటే?"

నా తల మీద చెయ్యి వేసింది. "ప్రభువు తోడు. ఎవరికీ చెప్పను."

చెప్పాను. చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ మా అమ్మ సంగతి, మొదటి సుందరమ్మ సంగతి, బత్తాయిల సంగతి, ఎవరిని చూసి ఎప్పుడు మొగుడొచ్చాడన్నామో ఆ సంగతి, అన్నీ చెప్పాను. నా కూతురు నా మాటలు అంత శ్రద్ధగా విని ఎన్నాళ్ళయిందో. నేను సంతోషంతో చెప్పాను, అది రాసుకోవడానికి విన్నది.

జనవరి చివర్లో జగన్నాథరావు గారి తోటలో మొదటి కోత మొదలైంది. ఈ ఏడు మా ముఠాలోకి గ్రేసీ కొత్తగా వచ్చింది. మా వీధి మార్తమ్మ కూతురు, ఇంటర్ తప్పి ఇంట్లో ఉంటోంది. మార్తమ్మకి ఆ పిల్లని చేలకు పంపడం ఇష్టంలేదు. మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నిన్ను చూసి పంపుతున్నా అక్కా. ఇంకొకరైతే పంపను."

"నా పక్క సాలే పట్టిస్తా. నా కూతురికంటే ఎక్కువగా చూసుకుంటా, పో" అన్నాను.

జగన్నాథరావు గారి దగ్గర సతీష్‌బాబు అని ఒక గుమస్తా ఉన్నాడు. ట్రాక్టరు, మోటారు, కూలీల లెక్క అన్నీ అతనే చూస్తాడు. సుందరమ్మ మొగుడు అన్నది రెండు మూడేళ్ళ నుంచీ అతన్ని చూసే. మొదటి కోతలో అతను బండి దిగగానే కరుణమ్మ గొంతెత్తి అనేది, నేను గ్రేసీ పక్కన సర్దుకునేదాన్ని. గ్రేసీకి మొదట్లో అర్థం కాక "ఎవరు పెద్దమ్మా సుందరమ్మ?" అని అడిగింది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక బకెట్టు వెనక దాక్కుంది. మొదటి కోత అలా ఏ గొడవా లేకుండా గడిచింది.

రెండో కోతకి బేరం తోట గట్టు మీదే జరిగింది. చీరల మీద మగవాళ్ళ ఫుల్ షర్టులు తొడుక్కుని, తలకి గుడ్డలు కట్టుకుని అందరం వరసగా నిలబడ్డాం. జగన్నాథరావు గారు ఈసారి రోజు కూలి కాదు, కోసిన కాయకి కిలో లెక్కన ఇస్తానన్నాడు. కిలో లెక్క మాకు పడదు. వయసుమళ్ళినవాళ్ళు, బాలింతలు మా ముఠాలో ఉన్నారు. వాళ్ళు వెనకబడితే మేము పట్టించుకోం, రోజు కూలిలో అందరికీ ఒకటే. కిలో లెక్క వస్తే ఎవరి సాలు వాళ్ళదే.

కరుణమ్మ ఎటో చూస్తూ అంది, "సుందరమ్మకి మళ్ళీ జ్వరం తిరగబెట్టిందంట వదినా."

నేను "అయ్యో" అనబోయాను.

జగన్నాథరావు గారు కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నాడు. "జ్వరమేంది కరుణమ్మా, తగ్గిందిగా. సుందరమ్మ లేచి గంజి తాగింది. కిలో లెక్కే. ఎండెక్కకముందే సాళ్ళు పట్టండి" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మోటారు వైపు వెళ్ళిపోయాడు.

కరుణమ్మ నా వైపు చూసింది, తర్వాత మిగతా అందరూ నా వైపు చూశారు. వంగి బకెట్టు తీసుకున్నాను. వాళ్ళూ తీసుకున్నారు. ఆ పూటంతా కాయ తెంపుతున్న చప్పుడు తప్ప మాటల్లేవు.

మధ్యాహ్నం అన్నాలు తింటుంటే సతీష్‌బాబు వచ్చాడు. వచ్చి గట్టు మీద మా మధ్యలో చుట్టంలా కూర్చున్నాడు. "నా పేరు డిక్షనరీలో పడింది, చూశారా?" అని ఫోను తిప్పి చూపించాడు. అన్నం చేత్తోనే ఫోను లాక్కున్నాను. పదో తరగతి దాకా చదివినదాన్ని, ఆ నాలుగు ముక్కలు చదవడానికి నాకు ఎవరూ అక్కర్లేదు.

సుందరమ్మ. మిరప కోతలకు వెళ్ళే ముఠా స్త్రీలు రైతుకు తెలియకుండా మాట్లాడుకునేందుకు కల్పించుకున్న మనిషి. ఆమెకు జ్వరం వస్తే బేరం వద్దని, గంజి తాగితే సరేనని. ఆమె మొగుడు వచ్చాడంటే ఆడపిల్లలు జాగ్రత్త అని. ఉదాహరణ: సతీష్‌బాబు బండి దిగగానే అత్త అంది, సుందరమ్మ మొగుడొచ్చాడు. చెప్పినవారు: ఆరోగ్యమ్మ, ముఠా పెద్ద, వత్సవాయి. పంపినవారు: రోజా.

వేలమంది మెచ్చుకున్నట్టు కింద గుర్తులున్నాయి.

"నాకేం కోపం లేదు ఆరోగ్యమ్మక్కా. రావుగారి అమ్మాయి లహరమ్మ చూసి నాన్నగారికి చూపించిందంట. ఆయన పడీ పడీ నవ్వాడు. బత్తాయిలు మాత్రం తిరిగి కక్కిస్తానన్నాడు" అని సతీష్‌బాబు ఇకిలించాడు. "సుందరమ్మ మొగుణ్ణంట! బాగుంది పేరు." గ్రేసీ వైపు చూసి కన్ను కొట్టాడు. గ్రేసీ తల దించుకుంది.

నాకు ఒళ్ళంతా మండిపోయింది. అయితే ఆ మంట అతని మీద కాదు. నా తల మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది.

సాయంత్రం ఆటోలో కరుణమ్మ నాకు ఎదురుగా కూర్చుంది. నాకంటే చిన్నది, నా పెళ్ళికి తోడుపెళ్ళికూతురు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా మాట కాదన్న మనిషి కాదు.

"అందులో నీ పేరుంది వదినా."

"దానికి చెప్పిన మాట నిజమే. పెట్టమన్లా. నా తల మీద ఒట్టేసింది."

"నువ్వు పెట్టమన్నావని నేననలా. నీ పేరుంది అంటన్నా."

"తీయిస్తా. రేపే పోయి దగ్గరుండి తీయిస్తా."

"తీయించు" అంది కరుణమ్మ. "తీయించకపోతే ఇంకెవురి మాట నమ్మాలో మాకు తెలవదు."

మర్నాడు పని మానేసి నందిగామ వెళ్ళాను. దిగి ఫోను చేస్తే రోజా బస్టాండు దగ్గరికే ఎదురొచ్చింది. నన్ను చూసి గంతులేసింది. టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, నా చేతులు పట్టుకుని, నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టింది.

"అమ్మా, నీకెవురు చెప్పారు? నేనే వచ్చి చెబుదామనుకున్నా. మాతృభాషా దినోత్సవం నాడు ఇక్కడే ఫంక్షను. ఎక్కువమంది మెచ్చిన మాట మనదే. స్టేజీ మీదికి పిలుస్తారు. నువ్వూ రావాలి. విజయవాడ ఆఫీసులో ఉద్యోగం కూడా ఇస్తామన్నారు, ఇలాంటి మాటలు సేకరించే ఉద్యోగం."

"తీసెయ్" అన్నాను.

"ఏంటి?"

"సుందరమ్మని తీసెయ్. ఇప్పుడే, నా ముందే."

దాని మొహం మాడిపోయింది. జరిగింది చెప్పాను. జగన్నాథరావు గారి గంజి మాట చెప్పాను, సతీష్‌బాబు కన్ను కొట్టడం చెప్పాను. వింటూ వింటూ గోళ్ళు కొరుక్కుంది. అతని పేరు ఎందుకు రాశావే అంటే, నిజంగా జరిగిన ఉదాహరణ రాస్తేనే తీసుకుంటారంది. అప్పటికప్పుడు ఫోను తీసి ఆ పేరు కొట్టేసి "ఒకడు" అని మార్చింది. మార్చి నాకు చూపించింది, చిన్నప్పుడు పలక చూపించినట్టు.

"మిగతాది?"

"ఫంక్షన్ అయ్యాక చూద్దామమ్మా. ఇప్పుడు తీస్తే నేను అబద్ధం రాశాననుకుంటారు. ఉద్యోగం పోద్ది."

"నా తల మీద ఒట్టేశావ్."

"అప్పుడు నిజంగానే పెట్టాలనుకోలా."

"ఎప్పుడనుకున్నావ్ మరి?"

అది తడుముకోలేదు. "హాస్టలుకి వచ్చిన రోజే" అంది.

టీ కొట్టతను రెండు గ్లాసులు పెట్టి వెళ్ళాడు. రోజా ఫోను నా ముందుకు జరిపింది. హైదరాబాదులో ఎవరో సాఫ్ట్‌వేర్ అమ్మాయి రాసింది, ఈరోజు మీటింగుకి రాలేను, సుందరమ్మకి జ్వరం అని. ఇంకెవరో తన పై ఆఫీసరుని సుందరమ్మ మొగుడు అన్నాడు. దాని కింద అందరూ నవ్వుతున్న బొమ్మలు.

"చూడమ్మా, ఎంతమంది వాడుతున్నారో. అమ్మమ్మ కల్పించిన మనిషి ఇవాళ అందరి నోట్లో ఉంది. మీరు ఇంకెన్నాళ్ళు కోస్తారు చేలల్లో? ఇంకో పదేళ్ళకి మిషన్లొస్తాయి. మీతోపాటే ఆ మాటా చచ్చిపోయేది. నేను బతికించా."

"బతికించావా? అది నలుగురికీ తెలిస్తే చచ్చే మాటే. అదన్నా తెలవదా నీకు? చేలో పెరిగినదానివి కదే!"

"అరవమాక, అందరూ చూస్తన్నారు."

"చూడనీ. నా పేరెందుకు పెట్టావే?"

అప్పుడు దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు చెప్పావు కాబట్టి. నీ మాట నా మాటన్నట్టు రాసుకుంటే దొంగతనం కాదా? నీ పేరు ఉండాలని పెట్టా. గౌరవంగా పెట్టా."

దొంగతనం చేయకూడదని నా పేరు పెట్టిందట. దొంగతనం చేసినా బాగుండేది, ముఠాలో నేను తలెత్తుకునేదాన్ని. టీ తాగకుండా లేచాను. "అమ్మా, ఫంక్షనుకి వస్తావా?" అని వెనక నుంచి అడిగింది. వెనక్కి తిరిగి చూడలేదు. జగ్గయ్యపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏడ్చాను. పక్క సీటామె ఎవరన్నా పోయారా అమ్మా అని అడిగింది.

ముఠాకి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఫంక్షన్ అయ్యాక తీస్తదంట."

"అంటే తీయదు" అంది కరుణమ్మ.

ఆ తర్వాత సతీష్‌బాబుకి అదొక ఆటైపోయింది. బండి ఆపుతూనే గొంతు చించుకుని తనే అరిచేవాడు, "లెగండమ్మోయ్, సుందరమ్మ మొగుడొచ్చాడు!" అని. మొదటిరోజు మేము బిగుసుకుపోయాం. తర్వాత కొందరు చిన్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. రోజుకి నాలుగైదుసార్లు అరిచేవాడు, మోటారు దగ్గర్నుంచి, ట్రాక్టరు మీదనుంచి. ఆ మాట వింటే లేచే మా ఒళ్ళు కూడా లేవడం మానేసింది. కొత్త మాట ఒకటి అనుకుందామని నేనంటే కరుణమ్మ "ఇప్పుడొద్దులే వదినా" అంది. ఎందుకొద్దో నేను అడగలేదు.

మాతృభాషా దినోత్సవం రోజు మేము తోటలోనే ఉన్నాం. పొద్దు నడినెత్తికి వచ్చింది. కోసిన కాయ తూకం చూడమని జగన్నాథరావు గారు నన్ను కల్లం దగ్గరికి పిలిచాడు. కిలో లెక్క వచ్చాక ప్రతిదానికీ తూకం దగ్గర నిలబడాల్సి వచ్చేది. నేనటు వెళ్ళగానే సతీష్‌బాబు ఎప్పటిలాగే వచ్చాడు, ఎప్పటిలాగే అరిచాడు. ఎవరూ తలెత్తలేదట. "ఏయ్ పిల్లా, నీళ్ళ క్యాను పట్టుకురా" అని గ్రేసీని పిలిచాడు. ఆ పిల్ల లేచి వెళ్ళింది. పక్క సాలులో నేను లేను.

నేను తిరిగి వచ్చేసరికి గ్రేసీ సాలులో కూర్చుని కాయ కోస్తోంది. మామూలుగా నిలబడి కోస్తాం. తలగుడ్డ లేదు, షర్టు భుజం దగ్గర చిరిగి ఉంది. మణికట్టు ఎర్రగా కమిలింది. క్యాను ఎక్కడే అన్నాను. ఆకులూ పిందెలూ అన్నీ కలిపి తెంపి బకెట్లో వేస్తోంది.

"గ్రేసీ, ఇటు చూడమ్మా."

"కొరికా పెద్దమ్మా" అంది. "చేతిని గట్టిగా కొరికి వచ్చేశా." అంత వరకే చెప్పింది. చెప్పి మళ్ళీ కోయసాగింది.

సరిగ్గా అప్పుడే నా జాకెట్లో ఫోను మోగింది. ఎవరో కూడా చూడకుండా ఎత్తాను. అవతల చప్పట్ల హోరు. "అమ్మా! స్టేజీ మీద నీ పేరు చెప్పా. అందరూ లేచి నిలబడ్డారమ్మా, నీకోసం! వినపడుతుందా?" అంది రోజా.

వినపడింది. ఫోను పెట్టేశాను.

తర్వాత నేనేం చేశానో నాకంటే కరుణమ్మ బాగా చెప్తుంది. నిండు బకెట్టుతో మోటారు షెడ్డు దాకా పరిగెత్తానట. సతీష్‌బాబు చేతికి తడిగుడ్డ చుట్టుకుంటున్నాడు. బకెట్టు మొహాన విసిరికొట్టాను. మా ఆడవాళ్ళు పట్టుకోకపోతే ఇంకేం చేసేదాన్నో. జగన్నాథరావు గారు పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"ఆరోగ్యమ్మా, ఆగు. వాణ్ణి నేను మందలిస్తాగా. ఏదో సరదాకి చెయ్యి పట్టుకున్నాడు. మీరు కూడా ఇన్నాళ్ళూ సుందరమ్మ, సుందరమ్మ మొగుడు అని సరసాలాడినోళ్ళేగా."

"సరసమా అయ్యా అది?" అన్నాను. "సరసం అనుకుంటే మీ లహరమ్మని పంపండి మోటారు కాడికి."

ఆయన మొహం నల్లబడింది. పోండి అనలేదు, ఉండండి అనలేదు. మేమే వచ్చేశాం. మూడోవంతు కాయ చెట్టునే ఉంది.

పోలీసు స్టేషనుకి పోదాం పదమంటే మార్తమ్మ ఒప్పుకోలేదు, పిల్ల పేరు ఊరంతా నలుగుతుందని. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది నాతో. "నిన్ను చూసి పంపా" అంది. ఇంకొక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. గ్రేసీని చిలుకూరులో పెద్దకూతురి దగ్గరికి పంపేసింది.

రోజా మార్చిలో వచ్చింది. జరిగింది వాళ్ళ నాన్న చెప్పాడు దానికి, నేను కాదు. నా దగ్గరికొచ్చి ఫోను చూపించి "తీసేశానమ్మా" అంది. తీసేసిన మాట నిజమే. కానీ అప్పటికే ఎవరెవరో ఎక్కడెక్కడో రాసుకున్నారు, వాటిని తీయడం దాని వల్ల కూడా కాదు. ఉద్యోగంలో మాత్రం పరీక్షలయ్యాక చేరతానంది. చేరొద్దని నేననలేదు. దానికి అన్నం పెడుతున్నాను, పలకరిస్తే పలుకుతున్నాను. కానీ అది ఇంట్లో ఉన్నంతసేపూ నా నోటికి ఏ మాట వచ్చినా ముందు లోపల చూసుకుంటున్నాను, దీన్ని కూడా పట్టుకుపోతుందేమోనని. కన్నకూతురి దగ్గర అలా బతకడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

పస్కా, అదే ఈస్టరు, ఇంకా రాలేదు, కోతలు అయిపోలేదు. పేట అవతల వీరేంద్ర అనే కుర్ర రైతు తోటలో ఆఖరి కోత ఉందని కబురొచ్చింది. ఆటోలో నేను ఎక్కేసరికి మాటలు ఆగాయి. కరుణమ్మ జరిగి చోటిచ్చింది. "టీ తాగావా వదినా" అని అడిగింది. అందరూ బాగానే మాట్లాడారు, ఎండ గురించి, ఎవరో పెళ్ళి గురించి. నా మనసుకి కాస్త తేలికైంది. అయిపోయిందిలే, మరిచిపోతున్నారులే అనుకున్నాను.

వీరేంద్ర మర్యాదస్తుడు. మంచినీళ్ళు ముందే తెప్పించి పెట్టాడు. "కిలో లెక్కయితే ఇవాళే మొదలుపెట్టండమ్మా. రోజు కూలయితే నాకు కుదరదు. ఏమంటారు ఆరోగ్యమ్మగారూ?" అన్నాడు.

అలవాటుకొద్దీ వెనక్కి తిరిగాను. తిరిగాక గుర్తొచ్చింది, మాకిప్పుడు మాట లేదని.

కరుణమ్మ మిరపచెట్ల వైపు చూస్తూ అంది, "బుల్లెమ్మ గేదె కట్టు తెంపుకుందంట."

"మళ్ళీనా?" అంది వెనకనుంచి ఒకామె.

"ఈసారి దూడ కూడా పోయిందంట" అంది ఇంకొకామె. ఎవరూ నవ్వలేదు. అందరూ తలగుడ్డలు సర్దుకుంటున్నారు. తీస్తున్నారో, కట్టుకుంటున్నారో చూసేలోపు చేతులు ఆగాయి. మా వత్సవాయిలో బుల్లెమ్మ అనే మనిషి లేదు. నేను ఒక్కొక్కరి మొహంలోకీ చూశాను. నిన్నగాక మొన్న ముఠాలో చేరిన పిల్లకి కూడా తెలుసు ఆ గేదె సంగతి. కరుణమ్మ ఒక్కతే నన్ను చూసింది. చూసి, జాలిగానే, కళ్ళు దించేసుకుంది.

వీరేంద్ర ఎదురుచూస్తున్నాడు. "ఏమంటారమ్మా? ముఠా పెద్ద మీరే కదా?"

వద్దన్నారో, సరే అన్నారో నాకు తెలియలేదు.

"వాళ్ళనే అడగండి బాబూ" అన్నాను.